పికప్‌లో సబ్‌వూఫర్: కంపెనీ డెక్కు కదపకుండా బేస్ కలిపిన పని డైరీ

బండి డబుల్ క్యాబిన్ పికప్. ఉండేది హన్మకొండలో. మిర్చి సీజన్‌లో నర్సంపేట దిక్కు నుంచి ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు, మిగతా కాలమంతా ఇంటిల్లిపాదీ తిరగడానికి ఇదే. ఏ కంపెనీ బండి అన్నది ఈ పనికి పెద్ద విషయం కాదు. వెనక సీటు కింద ఎంత జాగా ఉంది, డెక్కు (డ్యాష్‌బోర్డులోని పాటల యూనిట్) ఎలాంటి సిగ్నల్ ఇస్తుంది, ఈ రెండే అసలు లెక్క.

పని మొదలుపెట్టే ముందు నాకు నేను పెట్టుకున్న షరతులు: కంపెనీ డెక్కు, రివర్స్ కెమెరా, స్టీరింగ్ మీది బటన్లు ఉన్నవి ఉన్నట్టే పనిచేయాలి. కంపెనీ వైరు ఒక్కటి కూడా కోయకూడదు. వెనక ముగ్గురు ఎప్పటిలాగే కాళ్లు చాపుకొని కూర్చోవాలి. జాకీ, పానాలు బండిలోనే ఉండాలి.

జనవరి చివర: ఏం తక్కువైంది

పాట బాగానే వినిపిస్తుంది, గొంతు శుభ్రంగా ఉంటుంది. కానీ ఒగ్గుడోలు దెబ్బ పడితే కర్ర తగిలిన చప్పుడు మాత్రమే వస్తుంది, దాని వెనక రావాల్సిన గుమ్మనే నాదం రాదు. బతుకమ్మ పాటల్లో చప్పట్లు వినిపిస్తాయి, కింద నడిచే తాళం పలచబడిపోతుంది. సౌండ్ పెంచితే తలుపు అట్ట అదురుతుంది తప్ప బేస్ పెరగదు.

కారణం ఆరున్నర అంగుళాల తలుపు స్పీకరే. అదే చప్పుడు ఒక ఆక్టేవ్ కిందికి, అంటే 100 హెర్ట్జ్ నుంచి 50 హెర్ట్జ్‌కు రావాలంటే కోను నాలుగింతల దూరం కదలాలి. అంత కదిలే జాగా ఆ చిన్న స్పీకరుకు లేదు. దాన్ని ఎంత మంచిదానితో మార్చినా ఈ లెక్క మారదు. అందుకని స్పీకర్లు మార్చే ఆలోచన మొదట్లోనే వదిలేశాను. కింది భాగం మోసే పనికి వేరే వూఫర్ (అదే సబ్‌వూఫర్) పెట్టి, తలుపు స్పీకర్లకు ఆ బరువు తగ్గించాలి. ఈ ప్రాజెక్టు అంతా ఇదే.

యాక్సెసరీస్ షాపులో అడిగితే అక్కడి అబ్బాయి, "అన్నా, డెక్కు తీసేసి ఆండ్రాయిడ్ది ఎక్కిద్దాం. మస్తుగుంటది" అన్నాడు. "డెక్కు ముట్టద్దు తమ్మీ, అది ఏమిస్తుందో ముందు చూద్దాం" అన్నాను.

ఫిబ్రవరి మొదటి వారం: మల్టీమీటరుతో డెక్కు పరీక్ష

వూఫరూ, దాన్ని నడిపే ఆంప్ (ఆంప్లిఫయర్) కొనకముందే ఈ పని చేశాను. ఎవరైనా సరే ముందు ఇది చేయాలన్నది నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే చాలా కంపెనీ డెక్కుల్లో సౌండ్ పెంచుతున్న కొద్దీ బేస్‌ను లోపలే తగ్గించే ఏర్పాటు ఉంటుంది. చిన్న స్పీకర్లు చిరిగిపోకుండా అది అవసరమే. కానీ సబ్‌వూఫర్‌కు అదే సిగ్నల్ వెళ్తే, పాట ఊపందుకున్న చోట వూఫర్ చల్లబడిపోతుంది. అప్పుడు మనం ఆంప్‌ను తిడతాం, తప్పు దానిది కాదు.

50 హెర్ట్జ్, 200 హెర్ట్జ్ టోన్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను. 1000 హెర్ట్జ్ వాడకపోవడానికి కారణం ఉంది: మామూలు మల్టీమీటర్లు ఏసీ వోల్టేజీని కొన్ని వందల హెర్ట్జ్ దాకానే సరిగ్గా చూపిస్తాయి. బేస్, ట్రెబుల్ సున్నాలో, ఫేడర్ మధ్యలో పెట్టి, వెనక తలుపుల స్పీకర్లు విప్పేసి, ఆ వైర్ల మీద కొలిచాను. కొన్ని కొత్త డెక్కులు స్పీకర్ లేదని గుర్తుపట్టి ఆ ఛానల్ ఆపేస్తాయి. వాటికి స్పీకర్ బదులు లోడ్ రెసిస్టర్ పెట్టాలి. నా దానికి ఆ అవసరం రాలేదు.

డెక్కు సౌండ్ 40 దాకా పోతుంది. 15 దగ్గర రెండు టోన్లకూ 1.9 వోల్టులు. 22 దగ్గర 200 హెర్ట్జ్‌కు 4.1, 50 హెర్ట్జ్‌కు 3.9. ఇక్కడి దాకా రెండూ పక్కపక్కనే నడిచాయి. 28 దగ్గర 200 హెర్ట్జ్ 6.3కు ఎక్కింది, 50 హెర్ట్జ్ మాత్రం 4.2 దగ్గర నిలబడింది. 32కు పోతే పైది 7.8 అయింది, కిందిది అక్కడే 4.2. మీటరు మీద ఆ అంకె కదలకుండా నిలబడిపోవడం చూస్తే విషయం అర్థమైపోతుంది: 24కు కొంచెం అటూఇటూ డెక్కు బేస్‌కు కళ్లెం వేస్తోంది.

దీన్ని సరిచేసే కన్వర్టర్లు దొరుకుతాయి, పోయిన బేస్‌ను తిరిగి పెంచి ఇస్తాయి. నాకు అక్కర్లేదనిపించింది. ఇంట్లో వాళ్లంతా వినేది 14 నుంచి 20 లోపే, ఎప్పుడో ఖాళీ హైవే మీద 22. ఆ హద్దు లోపల సిగ్నల్ శుభ్రంగా ఉంది. కాబట్టి స్పీకర్ వైరును నేరుగా తీసుకునే హై లెవల్ ఇన్‌పుట్ ఉన్న ఆంప్ కొని, దాని గెయిన్ (డెక్కు ఇచ్చే వోల్టేజీకి ఆంప్‌ను సరిపెట్టే మర) డెక్కు సౌండ్ 22 దగ్గర సెట్ చేస్తే చాలు. 24 దాటితే డెక్కే బేస్‌ను ఆపుతుంది, అది వూఫర్‌కు కూడా కాపలా అవుతుంది.

ఫిబ్రవరి: వూఫర్, ఆంప్

లోతు తక్కువ ఉండే పది అంగుళాల వూఫర్, 4 ఓములు, 250 వాట్ల ఆర్‌ఎంఎస్ (ఆగకుండా మోయగల అసలు శక్తి). దానికి సరిపడే క్లాస్ డీ మోనో ఆంప్ (కరెంటు వృథా తక్కువ, ఒకే ఛానల్). డబ్బా మీద పెద్దక్షరాల్లో కనిపించే 1200, 1500 వాట్ల అంకెలు చూడొద్దు. చూడాల్సింది ఆర్‌ఎంఎస్, అదీ ఎన్ని ఓముల దగ్గర ఇస్తుందన్నది.

రెడీమేడ్ సీటు కింద పెట్టే పల్చటి సబ్‌లు కూడా విని చూశాను. చిన్న కార్లకు బాగుంటాయి. డీజిల్ ఇంజిన్ మోత, బండి టైర్ల చప్పుడు రెండూ బేస్ దగ్గరే ఉంటాయి కాబట్టి పికప్‌కు కొంచెం శక్తి ఎక్కువే కావాలి.

ఫిబ్రవరి: బాక్సు

వెనక సీటు ఎత్తితే ఎడమ వైపు దొరికిన జాగా వెడల్పు 62, లోతు 34, ఎత్తు 18 సెంటీమీటర్లు. బాక్సు బయటి కొలత 60 × 32 × 14 పెట్టుకున్నాను. పైన 4 సెంటీమీటర్ల ఖాళీ ఎందుకంటే వూఫర్ పైకి చూస్తుంది. కోను పైకి లేచినప్పుడు సీటు అడుగు తగలకూడదు, గాలి బయటికి రావడానికి దారి ఉండాలి.

18 మిల్లీమీటర్ల చెక్క తీసేస్తే లోపలి కొలత 56.4 × 28.4 × 10.4. అంటే దాదాపు 16.7 లీటర్లు. వూఫర్ వెనక భాగం, మధ్యలో పెట్టే ఆపు చెక్క తీసేస్తే 15 లీటర్లు మిగులుతుంది. ఆ వూఫర్‌తో వచ్చిన కాగితంలో సీల్డ్ బాక్సుకు (గాలి పోకుండా అన్ని వైపులా మూసినది) అడిగింది దాదాపు అంతే.

సీల్డ్ బాక్సే ఎందుకు అంటే, చిన్న క్యాబిన్ బేస్‌కు తనే సాయం చేస్తుంది. 50 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు దాదాపు 6.9 మీటర్లు. క్యాబిన్ పొడవు రెండు మీటర్ల పైచిలుకు. తరంగం అందులో పట్టదు కాబట్టి 80 హెర్ట్జ్ కిందికి పోయే కొద్దీ గది మొత్తం ఒక్కసారిగా ఒత్తిడికి లోనై శబ్దం పెరుగుతుంది. సీల్డ్ బాక్సు కిందికి పోతూ తగ్గుతుంది, క్యాబిన్ అదే చోట పెంచుతుంది. రెండూ ఒకదానికొకటి సరిపోతాయి. గొట్టం పెట్టిన బాక్సు అయితే ఇంతకన్నా పెద్దది కావాలి, ఆ జాగా సీటు కింద లేదు.

ఎండీఎఫ్ కాకుండా వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ తీసుకున్నాను. వానాకాలం బురద కాళ్లతో ఎక్కుతారు, నీళ్లు చేరితే ఎండీఎఫ్ ఉబ్బుతుంది. మా వడ్లాయన కోతలు కొలత తప్పకుండా కోసిచ్చాడు. గుండ్రం కోతకు జిగ్సా పట్టుకొని, "గీత మీద కాదు, గీత లోపల కోయాలె. తక్కువైతే గీకొచ్చు, ఎక్కువైతే పలక పారేయాలె" అంటూ ఒక్క చుట్టులో తిప్పేశాడు. వూఫర్ చెయ్యి వదిలితే తనంతట తాను దిగి కూర్చుంది.

అతుకులకు ఫెవికాల్, స్క్రూలు. ఆరిన తర్వాత లోపలి మూలలన్నిటికీ ఫెవికాల్‌లో చెక్కపొట్టు కలిపి పూత. వూఫర్ బిగించే చోట టీ నట్లు వేశాను, విప్పి బిగించినా చెక్క గుల్ల కాదు. లోపల దిండ్లలో నింపే పాలిస్టర్ ఫైబర్ వదులుగా నింపాను. దీంతో వూఫర్‌కు బాక్సు కొంచెం పెద్దదైనట్టు అనిపిస్తుంది. వరంగల్‌లో పత్తికి కొదువ లేదు గానీ, పత్తి తేమ పీల్చి గడ్డ కడుతుంది, అది వాడొద్దు.

గాలి ఎక్కడైనా పోతుందా అని చూసే పద్ధతి సులువు. కోను మధ్యలో రెండు అరచేతులూ పరిచి మెల్లగా నొక్కి వదలాలి. టక్కున లేస్తే ఎక్కడో సందు ఉంది. నాది నింపాదిగా పైకి వచ్చింది.

ఫిబ్రవరి చివర: కరెంటు

ఆంప్ నిండా పనిచేసినా 250 వాట్లు. క్లాస్ డీలో 80 శాతం పనితనం వేసుకుంటే, 13.5 వోల్టుల దగ్గర 23 ఆంపియర్లు. పాటలో అది దెబ్బ పడిన క్షణంలోనే, సగటు అందులో కొంతే. కాబట్టి ఆల్టర్నేటర్, బ్యాటరీ మార్చే పని లేదు.

వైరు 10 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి, సన్న పోగులది. కిట్లలో వచ్చే మెరిసే మందపాటి వైర్లు చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత. ఒక పోగు చాకుతో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. మందం ఒకటే అయినా రాగి అంత కరెంటు మోయదు, కొసలు తొందరగా చెడతాయి.

బ్యాటరీ నెగెటివ్ విప్పి, కొన్ని నిమిషాలు ఆగి మొదలుపెట్టాం. పసుపు రంగు తొడుగు, పసుపు కప్లర్ ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగువి. వాటి దగ్గరికి మీటరు కూడా పోనివ్వొద్దు.

వైరింగ్ చేసిన ఆటో ఎలక్ట్రీషియన్‌ను కాక అని పిలుస్తాం. ఆయన చేతి కింద పనిచేసే పిల్లవాడు అడిగాడు, "ఆంప్ మీద ఫ్యూజున్నది గద, మళ్ల బ్యాటరీ కాడెందుకు?" కాక వైరు కొసకు థింబుల్ (బోల్టుకు తగిలించే లోహపు కొస) నొక్కి బిగిస్తూ చెప్పాడు: "ఆంప్ మీదిది ఆంప్‌ను కాపాడ్తది బిడ్డా. బ్యాటరీ కాడిది వైరును కాపాడ్తది. నడుమల యాడన్న రేకు కోసి బాడీకి తగిలిందనుకో, ఈ ఫ్యూజు లేకుంటె బండే కాలిపోతది." 30 ఆంపియర్ల ఫ్యూజు, బ్యాటరీ నుంచి జానెడు దూరంలో. 45 సెంటీమీటర్లు దాటకూడదన్నది మామూలుగా పాటించే కట్టు.

ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య రేకులో కంపెనీ వైర్లు వచ్చే రబ్బరు బుష్ ఉంటుంది. దానికే చిన్న గాటు పెట్టి, వైరుకు గొట్టం తొడిగి లోపలికి తీశాం. కొత్త రంధ్రం వేయలేదు. అక్కడి నుంచి ఎడమ వైపు గడప ప్లాస్టిక్ కింద వెనక్కి.

కాక ఎర్తింగ్ మీద ఎక్కువసేపు పెట్టాడు, నాకూ అదే నచ్చింది. సీటు బెల్టు బోల్టుకు ఎర్త్ ఇవ్వడం చాలామంది చేస్తారు, చేయకూడదు. ప్రాణం ఆపే బోల్టు అది. దాన్ని విప్పి మధ్యలో థింబుల్ ఇరికించొద్దు. వెనక గోడ రేకు కింద ఖాళీగా ఉన్న కంపెనీ బోల్టు ఒకటి దొరికింది. చుట్టూ రంగు గీకి, ఎమిరీ పేపరుతో రేకు తెల్లగా మెరిసేదాకా రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించి, పైన తుప్పు పట్టకుండా గ్రీజు. వైరు మూరెడు కూడా లేదు. తర్వాత పాట గట్టిగా పెట్టి ఆంప్ ఎర్త్‌కూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య డీసీ కొలిస్తే 0.06 వోల్టులు. ఓముల్లో కొలవడం కన్నా పని నడుస్తుండగా ఇలా కొలవడమే నిజం చెబుతుంది.

మార్చి మొదట్లో: సిగ్నల్

డెక్కు వెనక కంపెనీ కప్లర్‌కు సరిపోయే జత హార్నెస్ (రెండు కొసలా కప్లర్లున్న వైర్ల కట్ట) తెచ్చి, దాని మీద వెనక రెండు ఛానళ్ల నాలుగు వైర్లకు కొమ్మ తీశాను. కంపెనీ వైర్లు చెక్కు చెదరలేదు. రేపు వద్దనుకుంటే హార్నెస్ పీకేస్తే బండి షోరూంలో ఉన్నట్టే ఉంటుంది.

ఏది ప్లస్, ఏది మైనస్ అనడానికి రంగులు నమ్మక, డెక్కు కప్లర్ విప్పేసి, పెన్సిల్ సెల్ ఒక్క క్షణం తగిలించి చూశాను. కోను బయటికి వస్తే సెల్ ప్లస్ తగిలింది ప్లస్.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ డెక్కుల్లో స్పీకర్ మైనస్ అంటే బాడీ కాదు. ప్లస్ వైరు, మైనస్ వైరు రెండింటి మీదా బాడీతో కొలిస్తే ఆరు వోల్టుల పైన డీసీ ఉంటుంది. మైనస్‌ను ఎర్త్‌కు కలిపితే డెక్కు లోపలి చిప్పు పోతుంది. నాలుగు వైర్లూ ఆంప్ దాకా విడివిడిగానే పోవాలి. ఆ డీసీ వల్ల ఒక లాభం కూడా ఉంది. డెక్కు ఆన్ కాగానే ఆంప్ దాన్ని గుర్తుపట్టి తనూ ఆన్ అవుతుంది, రిమోట్ వైరు వేరే లాగక్కర్లేదు.

సిగ్నల్ వైర్లు కుడి గడప కింద నుంచి తీశాను, కరెంటు వైరు ఎడమన ఉంది కాబట్టి. ఇంజిన్ రేస్ చేసినా కూత రాలేదు. తాళం తీసిన తర్వాత బ్యాటరీ నుంచి పోయే కరెంటు కూడా చూశాను, ముందు ఎంత ఉందో అంతే.

ఆంప్ బాక్సు పక్కన, చిన్న రబ్బరు దిమ్మల మీద ఎత్తి పెట్టాను, కింద గాలి ఆడాలి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండకు నిలబెట్టిన బండి లోపల చెయ్యి పెట్టలేం. బాక్సును జాకీ కోసం కంపెనీ ఇచ్చిన మరల రంధ్రాలకే ఎల్ క్లాంపులతో బిగించాను. పన్నెండు కిలోల పైన బరువు, గట్టి బ్రేకు పడితే అది సీటు కింద నుంచి లేవకూడదు. జాకీ కుడి వైపుకు మారింది, పానాల సంచి దాని పక్కన.

మార్చి: గెయిన్, కట్, ఫేజ్

వూఫర్ వైరు విప్పేసి, డెక్కు 22 దగ్గర, 50 హెర్ట్జ్ టోను పెట్టి ఆంప్ అవుట్‌పుట్ మీద మీటరు పెట్టాను. వాట్లను ఓములతో గుణించి వర్గమూలం తీస్తే వోల్టులు: 250 × 4 అంటే 1000, వర్గమూలం 31.6. నేను 28 దగ్గర ఆపాను, అంటే 196 వాట్లు. బేస్ బూస్ట్ సున్నా, అది తిప్పితే ఈ లెక్కంతా పోతుంది. గెయిన్ సౌండ్ బటన్ కాదు, డెక్కు ఇచ్చే వోల్టేజీకి ఆంప్‌ను సరిపెట్టేది మాత్రమే. పాట వింటూ చెవితో తిప్పుకుంటూ పోయేవాళ్ల వూఫర్లే ఎక్కువగా కాలుతాయి.

లో పాస్ (పై శబ్దాలు వూఫర్‌కు పోకుండా ఆపే కట్) 80 హెర్ట్జ్. అంతకన్నా పైకి పోతే మగ గొంతు కూడా సీటు కింద నుంచి వస్తున్నట్టు ఉంటుంది. 80 హెర్ట్జ్ టోను పెట్టి డ్రైవర్ సీటులో కూర్చొని ఫేజ్ స్విచ్ (కోను కదలికను తిరగేసేది, 0 లేదా 180) ఇటూ అటూ వేయించాను. 180లో శబ్దం నిండుగా, ముందు నుంచి వచ్చింది, దానికే ఉంచాను.

తలుపు స్పీకర్లకు బరువు తగ్గించడానికి ముందు రెండింటికీ 470 మైక్రోఫారడ్ నాన్ పోలార్ కెపాసిటర్ సిరీస్‌లో వేశాను. 4 ఓముల స్పీకరుకు అది దాదాపు 85 హెర్ట్జ్ కింది శబ్దాన్ని తగ్గిస్తుంది. దీంతో వచ్చిన తేడా వూఫర్ తేడా కన్నా తక్కువేమీ కాదు. 20 దగ్గర మాట ఇంతకు ముందు కన్నా స్పష్టంగా ఉంది, తలుపు అట్ట అదరడం తగ్గింది.

మార్చి: గడగడలు

బేస్ వచ్చిన తర్వాతే బండిలో ఏది వదులుగా ఉందో తెలుస్తుంది. 30 నుంచి 100 హెర్ట్జ్ దాకా మెల్లగా ఎక్కే టోను పెట్టి, ఇంకొకరు వింటూ ఉంటే ఒక్కో చోట చెయ్యి అదిమి పట్టుకుంటూ పోవాలి. 63 హెర్ట్జ్ దగ్గర వెనక గోడ ప్లాస్టిక్ జుయ్యిమంది. 47 దగ్గర సీటు కొక్కెం. ఇంకొకటి ఎంతకీ దొరకలేదు, చివరికి చూస్తే డ్యాష్‌బోర్డు అరలో టోల్ రసీదుల కింద పడి ఉన్న అవ్వ అగ్గిపెట్టె.

పికప్ వెనక గోడ ఒకే రేకు, డోలు చర్మంలా అదురుతుంది. ప్లాస్టిక్ విప్పి, దుమ్ము తుడిచి, బ్యూటైల్ డ్యాంపింగ్ షీటు (అదురు ఆపే బరువైన జిగురు షీటు) మధ్య భాగంలో అతికించి రోలరుతో నొక్కాను. రేకు మొత్తం కప్పనక్కర్లేదు. ముందు వేలితో కొడితే టంగుమన్న రేకు ఇప్పుడు టప్పుమంటోంది. కొక్కేనికి ఫోమ్ టేపు.

మార్చి చివర: రోడ్డు మీద

163 జాతీయ రహదారి మీద ములుగు దాటి తాడ్వాయి దాకా పోయొచ్చాం. అద్దాలు మూసి, ఏసీ వేసి, డెక్కు 18లో. ఇంజిన్ మోత కింద పడిపోయే ఆ నాదం ఇప్పుడు పైకి వచ్చింది. డోలు మీద కర్ర పడిన చోటు, ఆ వెనక గుమ్మనడం రెండూ ఒకే చోట నుంచి వినిపిస్తున్నాయి, సీటు కింద నుంచి కాదు. బాపు వెనక సీటులో, సరిగ్గా బాక్సు మీదే కూర్చున్నాడు. "పాట నిండుగున్నది, చెవి నొస్తలేదు" అన్నాడు. కింద డబ్బా పెట్టిన సంగతి తనకు దిగినంక చెప్పాను.

బయట నిలబడి కూడా విన్నాను. అద్దాలు మూస్తే రెండు బారల అవతలికి పెద్దగా పోవడం లేదు. అదే కావాల్సింది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా శబ్దం మీద 2000 నాటి నియమాల్లోనే కట్టడి ఉంది. ఆ నియమాలు లేకపోయినా పండుకున్న వాడను లేపే హక్కు ఎవరికీ లేదు.

తిరిగొచ్చాక ఆంప్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. మొత్తం ఖర్చు, వడ్లాయన, కాక కూలీలతో కలిపి 20 వేల లోపే.

ఇంకా మిగిలింది ముందు తలుపుల లోపలి రేకుకు డ్యాంపింగ్ షీటు. మిర్చి సీజన్ అయిపోయి బండి రెండు పూటలు ఖాళీగా దొరికితే అట్టలు విప్పుతాను. అప్పటిదాకా వారానికొకసారి ఆంప్ రెక్కల్లోంచి మిర్చి దుమ్ము బ్రష్‌తో దులపడం, ఎర్త్ బోల్టు బిగువు చూడడం.